పాత చొక్కాల మూట

ఆ ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. వెనక గదిలో మంచం ఖాళీ చెయ్యాలి, ఆదివారం మధ్యాహ్నం దాని మీద నడుం వాల్చాలి. అంతే. మేడలు అడగలేదు, మిద్దెలు అడగలేదు. వారమంతా నీటి సరఫరా ఆఫీసులో కూర్చుని, నీళ్ళు రాలేదన్నవాళ్ళకు వస్తాయనీ, కారడం ఆగలేదన్నవాళ్ళకు ఆగుతుందనీ జవాబులు రాసి రాసి వంగిపోయిన నడుము అతనిది. దానికి ఒక్క పూట మంచం కావాలన్నాడు. కానీ ఆ మంచం మీద ఏళ్ళ తరబడి గుడ్డముక్కలు పడుకుని ఉన్నాయి. ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే మనుషులు, అందులో ధైర్యం ఉన్న మనిషి ముక్కల పక్షం.

భార్య బొంతలు కుడుతుంది. చెయ్యి తిరిగిన మనిషి. నాలుగు వీధుల అవతలి నుంచి కూడా పాత బట్టలు పట్టుకుని ఆవిడ గుమ్మం ఎక్కుతారు. బొంత కుట్టి ఇచ్చేశాక మిగిలిన ముక్క జానెడైనా, వేలెడైనా ఆవిడ పారేయదు.

"పనికిరాని గుడ్డంటూ ఉండదండీ. దానికి పని చెప్పడం చేతకాని మనుషులుంటారంతే" అంటుంది. మనుషులు అన్నప్పుడు ఆవిడ చూపు ఎప్పుడూ ఒక్కవైపే తిరుగుతుంది.

పారేయకూడదు సరే, వాడుకోవచ్చు కదా! శాసనంలో ఆ మాత్రం సందు దొరికిందని గుమాస్తా వాడకం మొదలుపెట్టాడు. వేడిగిన్నెలు దించడానికి మసిగుడ్డలు చేశాడు. సైకిలు సీటుకు తొడుగు కుట్టాడు. గాలి వచ్చే కిటికీ సందుల్లో పేలికలు కూరాడు. తలుపు టపటపా కొట్టుకోకుండా మధ్యలో మెత్త పెట్టాడు. కళ్ళజోడుకు ఒక సంచీ, గొడుగుకు ఒక సంచీ, ఆ సంచులన్నీ పెట్టుకోవడానికి మరో సంచీ. ఇంట్లో ప్రతి వస్తువూ ఏదో ఒకటి తొడుక్కుంది గానీ కుప్ప మాత్రం వేలెడు తగ్గలేదు. అతను వారం రోజులు తంటాలుపడి వాడింది ఆవిడ ఒక్క సాయంత్రం కత్తెర పట్టుకుని మళ్ళీ భర్తీ చేసేది. ఇక లాభం లేదు, ముక్కల్ని ఇల్లు దాటించాలి అనుకుని కాఫీ తాగుతుండగా మేనేజరు గుర్తొచ్చాడు.

ఆ మేనేజరు ఈమధ్యనే ఆఫీసు మెట్ల మీద జారి చతికిలబడ్డాడు. వెన్నెముక చివర దెబ్బ తగిలింది. డాక్టరు మాత్రలిచ్చాడు గానీ కూర్చునే యోగం ఇవ్వలేకపోయాడు. కుర్చీలో కూలబడితే ప్రాణం జివ్వుమంటోంది. కూర్చోలేని మేనేజరు ఏం చేస్తాడు? తిరుగుతాడు. తిరిగి తిరిగి ఒక్కొక్కరి కుర్చీ వెనకా ఆగి, వాళ్ళు రాస్తున్నది భుజం మీదుగా చదువుతాడు. "ఈ మాట అవసరమా? ఈ గీత వంకరగా లేదూ?" అంటాడు. మెడ మీద ఆయన ఊపిరి తగులుతుంటే ఆఫీసులో ఎవరికీ పని సాగడం లేదు. స్టోర్సు చూసే ఆవిడ టిఫిను డబ్బా తెరవడానికి కూడా జంకుతోంది.

ఆ మేనేజరుకు ఓ దిండు కుట్టి ఇస్తే మూటెడు ముక్కలు ఇల్లు వదులుతాయి, ఆఫీసుకు పీడా వదులుతుంది. గుమాస్తా ఉత్సాహంగా ముందు గదిలోకి వెళ్ళాడు. భార్య నేల మీద బొంత పరుచుకుని, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూర్చుంది.

"ఏమోయ్, మా మేనేజరు గారి కుర్చీలోకి దిండు కుడదామనుకుంటున్నా. ముక్కల మూట ఒకటి తీసుకోనా?"

"ఊఁ" అంది ఆవిడ తల ఎత్తకుండానే. నోట్లో సూదులున్న మనిషి అంతకన్నా ఏమంటుంది!

మంచం మీది కుప్పలోంచి ఒకటి తీసుకుంటాడని ఆవిడ అనుకుంది. తీసుకుంటే ఏ గొడవా లేకపోను. కానీ ఆ కుప్పలో అన్నీ రంగురంగుల కొత్త ముక్కలు. వాటిని దిండులో కూరేస్తే పాపం ఆవిడ మనసు చివుక్కుమంటుందేమోనని గుమాస్తాకు ఎక్కడలేని జాలి కలిగింది. అటూ ఇటూ చూస్తే కుట్టుమిషను కింద ఇంకో మూట కనబడింది. అన్నీ వెలిసిపోయిన చొక్కాల ముక్కలు. కాలర్లు అరిగి, గళ్ళు చెరిగి, నీలం ఏదో బూడిదరంగు ఏదో తెలియకుండా ఉన్నాయి. చివరికి ఆ మూటకు తాడు కూడా లేదు, ఓ పాత చొక్కా చెయ్యి చుట్టి ముడేసి ఉంది. ఇంతకన్నా పనికిమాలినది ఇంట్లో లేదని తీర్మానించి, దాన్నే తీసుకుని, నిండా కూరి, తనకొచ్చిన వంకరటింకర కుట్లతో మూతి బిగించాడు. మంచివి మిగిల్చినందుకు తన భుజం తానే తట్టుకున్నాడు.

మర్నాడు ఆ దిండు మీద మేనేజరు భయపడుతూ ఒళ్ళు ఆనించి చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకాస్త ఆనించాడు. తర్వాత మధ్యాహ్నం దాకా లేవలేదు.

"గుమాస్తా గారూ, ఇందులో ఏం పెట్టారండీ?" అన్నాడు తడికళ్ళతో.

"ఏవో పాతగుడ్డలు సార్."

"పాతగుడ్డలు కాదయ్యా, ప్రాణం పెట్టారు!"

ఆఫీసు ఊపిరి పీల్చుకుంది. స్టోర్సు ఆవిడ ఎన్నాళ్ళకో నింపాదిగా టిఫిను తిని, డబ్బా మూతలో గుమాస్తాకు కూడా కాస్త పెట్టింది. అటెండరు చెప్పకుండానే టీ తెచ్చాడు. సాయంత్రం ఇంటికి వెళ్తూ గుమాస్తా ఈల వేసుకున్నాడు. ఆ ఈల గుమ్మం దగ్గరే ఆగిపోయింది, ఎందుకంటే భార్య మిషను కింద దూరి వెతుకుతోంది.

"ఏమండీ, టీచరు గారి మూట చూశారా?"

"ఏ టీచరు గారి?"

"రిటైరయిన పెద్ద టీచరు గారండీ. వాళ్ళాయన పోయారు కదా, ఆయన చొక్కాలన్నీ తెచ్చిచ్చారు, బొంత కుట్టమని. ముక్కలన్నీ కోసి పెట్టా. ఎవరి ముక్కలు వాళ్ళ బట్టతోనే కడతానుగా నేను, కలిసిపోకుండా. ఆయన చొక్కా చేత్తోనే చుట్టి కట్టాను. ఆదివారం ఆవిడొస్తే పరిచి చూపించాలి."

తాను దిండులో కూరింది ఆ మూటేనని గుమాస్తాకు అర్థమైంది. ఇంట్లో ఇన్నేళ్ళు కాపురం చేసి, ఆ చుట్టిన చేతి సంగతి మాత్రం ఎప్పుడూ గమనించలేదు. నిజం చెప్పేయడానికి అదే మంచి సమయం. ఇంకా ఆదివారానికి వ్యవధి ఉంది, ఆవిడకు కోపం కూడా ఇంకా రాలేదు. కానీ తేలు కుట్టిన దొంగకు నోరెక్కడిది?

"నేను చూళ్ళేదే" అన్నాడు. అనేశాక ఇక దారి లేదు, రేపే దిండు వెనక్కి తెచ్చి, ముక్కలు తీసి, మూట కట్టి మిషను కింద పెట్టేయాలి. కానీ మంచి మంచి పథకాలన్నీ అతనికి కాఫీ గ్లాసులోనే బాగుంటాయి.

పొద్దున్నే అందరికన్నా ముందు ఆఫీసుకు చేరాడు. కుర్చీ ఉంది, దిండు లేదు. అటెండరు బీరువాకు ఆనుకుని తాళంచెవి వేలికి తిప్పుకుంటున్నాడు.

"దిండు ఏదయ్యా?"

"లోపల పెట్టి తాళం వేశా సార్. ఎవరి చేతికీ ఇవ్వొద్దన్నారు పెద్దసారు."

"నాదేనయ్యా అది. ఒక్కసారి ఇలా ఇవ్వు."

అటెండరు జాలిగా చూశాడు. "తెలుసు సార్. మీరడిగిన సెలవు ఆయన ఇవ్వలేదని మనసులో పెట్టుకున్నారు. కానీ ఇచ్చింది వెనక్కి తీసుకుంటే ఏం బాగుంటుంది చెప్పండి!"

గుమాస్తా అడిగిన సెలవు సంగతి అతనికే గుర్తులేదు. అటెండరుకు గుర్తుంది, మధ్యాహ్నానికి ఆఫీసు మొత్తానికి గుర్తుంది. స్టోర్సు ఆవిడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి బతిమాలింది. "అన్నయ్య గారూ, మీ కోపతాపాలు మీరూ ఆయనా చూసుకోండి. ఆ దిండు జోలికి మాత్రం పోకండి. మీకు పుణ్యముంటుంది."

ఇలా కాదని గుమాస్తా నేరుగా మేనేజరు దగ్గరికే వెళ్ళాడు. "సార్, ఆ దిండు ఓసారి ఇస్తే ఉతికి తెస్తాను" అన్నాడు.

మేనేజరు మొహం వాడిపోయింది. "ఉతకాలా? ఏం, ఎవరైనా ఏమైనా అన్నారా?"

"అబ్బే, ఎవరూ ఏమీ అనలేదు సార్."

"దాచకండి. వాసన వస్తోందా?"

లేదు మొర్రో అన్నా వినిపించుకోలేదు. లేచి కిటికీలన్నీ బార్లా తెరిపించాడు, ఫ్యాన్లన్నీ పెద్దగా పెట్టించాడు. టేబుళ్ళ మీది ఫిర్యాదులన్నీ గాల్లోకి లేచాయి. సగం గది నిండా పడ్డాయి, సగం కిటికీలోంచి వీధిలోకి పోయాయి. నీళ్ళు రాలేదని ఎవరు రాశారో, కారుతున్నాయని ఎవరు రాశారో ఏరుకొచ్చి కలుపుకునేసరికి గుమాస్తా నడుం రెండు ముక్కలైంది. ఇంతా చేసి దిండు ఆయన కిందే ఉంది.

ఇంటికి వస్తే అక్కడ ఇంకో వింత. సోఫా మీది మెత్తల పొట్టలు కోసి ఉన్నాయి. దూది కుప్పగా పోసి ఉంది. భార్య మాట్లాడలేదు. మర్నాడు పడగ్గది దిండ్ల వంతు వచ్చింది. అతను తల పెట్టుకుని వాలిన దిండునే ఆవిడ "కాస్త లేవండి" అని లాక్కుని, అతని ఎదురుగానే కత్తెరతో పరపరా కోసింది. ఈవిడకు అంతా తెలిసిపోయింది, నోటితో అనకుండా దిండు దిండుకీ బుద్ధి చెబుతోంది అనుకున్నాడు గుమాస్తా. భార్య ఎక్కడ అడుగుతుందోనని అతను, అడగాల్సింది ఏమిటో తెలియక ఆవిడ, ఇద్దరూ చప్పుడు చేయకుండా అన్నాలు తిన్నారు.

శుక్రవారం ఇక తెగించాడు. అదే గుడ్డతో అలాంటిదే ఇంకో దిండు కుట్టాడు, ఈసారి మంచం మీది కొత్త ముక్కలు కూరి. భోజనాల వేళ మేనేజరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే దాన్ని కుర్చీలో పెట్టి, అసలుది తన సంచీలో కుక్కేశాడు. ఏమీ ఎరగనట్టు వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

మేనేజరు వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నంత వేగంగానూ లేచాడు.

"ఇది అది కాదు!"

కొత్త గుడ్డకు గంజి ఉంటుంది, మడతకు మొన ఉంటుంది. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి నలిగిన చొక్కా మెత్తదనం దానికెక్కడిది? ఆ తేడా దెబ్బ తగిలిన ఎముకకు చెప్పక్కర్లేదు. మేనేజరు కేక పెట్టాడు, మళ్ళీ తిరగడం మొదలుపెట్టాడు. ఆఫీసంతా హాహాకారం. స్టోర్సు ఆవిడ టేబుళ్ళ కింద వెతికింది, అటెండరు సంచులు వెతికాడు. గుమాస్తా సంచీ దగ్గరికి వచ్చేసరికి అది వద్దన్నా కాదన్నా దిండంత లావుగా ఉంది.

"నా దిండు నేనే తీసుకున్నానండీ" అన్నాడు గుమాస్తా. అంతకన్నా అన్యాయమైన మాట ఆ ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ వినలేదన్నట్టు చూశారందరూ.

మేనేజరు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దిండును రెండు చేతులా గుండెకు హత్తుకుని, "మీరే ఇచ్చారు, మీరే తీసుకున్నారు. నేనేం పాపం చేశానండీ?" అని, ఆ సాయంత్రం నుంచి దిండును వెంట ఇంటికి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. గుమాస్తాకు పోయినది దిండే కాదు, మూతలో పెట్టే టిఫినూ, అడగకుండా వచ్చే టీ కూడా పోయాయి.

శనివారం సాయంత్రం అతను కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి భార్య కోసిన దిండ్ల మధ్య కూర్చుని ఉంది. జుట్టంతా దూది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమండీ, మీతో ఒక మాట చెప్పాలి. తిట్టకండి" అంది. "టీచరు గారి మూట నేనే పోగొట్టాను. పరాకున ఏ దిండులోనో కూరేసుంటాననుకుని ఇంట్లోవన్నీ విప్పాను. ఎక్కడా లేదు. చెత్తలో వేశానో ఏమో! పోయిన మనిషి చొక్కాలండీ. మళ్ళీ కొనివ్వడానికి దొరికేవా అవి? నన్ను నమ్మి చేతిలో పెట్టిందావిడ. రేపు ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇక నేను కత్తెర పట్టుకోనండీ. నాకు చాతకావడం లేదు."

గుమాస్తా ముందు దారి సాఫీగా తెరుచుకుంది. ఇప్పుడతను నిజం చెప్పనక్కర్లేదు. భుజం మీద చెయ్యి వేసి, పోనీలేవే, మనుషులన్నాక పొరపాట్లు జరుగుతాయి అంటే చాలు, గండం గడవడమే కాదు, క్షమించిన మారాజు కూడా అవుతాడు. ఆ మాట అనడానికి నోరు తెరిచాడు కూడా. కానీ ఆవిడ ఒళ్ళో చేతులు కనబడ్డాయి. సూదిపోట్లతో వేళ్ళ చివర్లు గట్టిపడిన చేతులు. వాటి పక్కనే కత్తెర మూసి పెట్టి ఉంది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆ మూట నేనే తీశానే" అన్నాడు. "మేనేజరు కిందుంది."

మొత్తం చెప్పాడు. ఆవిడ కదలకుండా వింది.

"నేను ఇన్ని దిండ్లు కోశానే. మీ తల కిందది మీ ఎదురుగానే కోశాను. అప్పుడైనా నోరు పెగల్లేదా?"

"నా మీద కోపంతో కోస్తున్నావనుకున్నా."

"కోపం వస్తే నేను దిండు కోస్తానేంటండీ!" అంది ఆవిడ. లేచి మొహం కడుక్కుని, పొయ్యి మీద అన్నం పెట్టింది.

ఆదివారం పొద్దున్న టీచరమ్మ వచ్చింది. సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. భార్య నోరు విప్పబోతే గుమాస్తా అడ్డొచ్చాడు. "మా ఆవిడ తప్పేం లేదండీ, చేసింది నేను" అని మొదలుపెట్టి, మెట్ల మీద మేనేజరు జారడం దాకా వచ్చేసరికి గుమ్మంలో సాక్షాత్తూ ఆ మేనేజరే నిలబడి ఉన్నాడు. చేతిలో దిండు. గుమాస్తా వంకరటింకర కుట్లు రాత్రికి రాత్రి తెగిపోయినట్టున్నాయి, దాని మూతిలోంచి వెలిసిపోయిన నీలం చొక్కా చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది.

"మొన్నటి సంగతి మర్చిపోదామండీ" అన్నాడు మేనేజరు ప్రాధేయపడుతూ. "ఇదొక్కటి కుట్టిపెట్టమని చెప్పండి మీ ఆవిడకి. మీకు సెలవు కావాలంటే సెలవు..."

టీచరమ్మ లేచి వెళ్ళి ఆ చేతిని పట్టుకుంది. బొటనవేలితో మణికట్టు పట్టీని రుద్ది చూసింది. తాను ఇన్నాళ్ళూ ఏ పెద్దమనిషి బట్టల మీద కూర్చున్నాడో గుమాస్తా గొణిగి చెప్పేసరికి మేనేజరు మొహం కత్తివేటుకు నెత్తురుచుక్క లేకుండా పోయింది. "అయ్యయ్యో, అపచారం! తీసేసుకోండమ్మా" అని దిండును ఆవిడ చేతుల్లో పెట్టాడు.

"నొప్పి తగ్గిందా బాబూ?" అంది టీచరమ్మ.

"తగ్గిందమ్మా. కానీ..."

"కూర్చోగలుగుతున్నావా?"

"ఏ మందుకూ కూర్చోలేకపోయానమ్మా. దీని మీద కూర్చున్నాను."

ఆవిడ దిండును తిప్పి చూసింది. నవ్వింది.

"ముప్ఫై ఏళ్ళు ఈ చొక్కాలు ఉతికాను. బళ్ళో రోజంతా నిలబడి పాఠం చెప్పొచ్చి, ఇంట్లో నిలబడి వీటికి ఇస్త్రీ చేశాను. చెడ్డమనిషి కాదమ్మా ఆయన. కానీ ఒక్కనాడు, ఇలా వచ్చి కాసేపు కూర్చోవోయ్ అనలేదు. ఆ మాట కోసం ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు." కళ్ళు తుడుచుకుంది. "ఆయన చొక్కాలు ఇప్పుడు ఊళ్ళోవాళ్ళను కూర్చోబెడుతున్నాయా!"

"టీచరు గారూ, ఇప్పుడే విప్పేస్తాను. నాలుగు రోజులు టైమిస్తే బొంత..." అంది భార్య.

"బొంత వద్దమ్మాయ్. పిల్లలు చెప్పారని కుట్టమన్నాను. కప్పుకుని పడుకుని ఏడవడానికా? ఇందులో సగం ఈయనకుంచి మిగిలిన సగంతో నాకో దిండు చెయ్యి. కుర్చీలోకి. నేనూ కాస్త కూర్చుంటాను."

భార్య అక్కడికక్కడే విప్పి, పంచి, రెండు దిండ్లు కుట్టింది. ఈసారి కుట్లు తిన్నగా పడ్డాయి. మేనేజరు వెళ్తూ వెళ్తూ ఆఫీసులో మిగతావాళ్ళకు కూడా ఇలాంటివి కావాలన్నాడు. బాగా ఉతికి నలిగిన చొక్కాలతోనే చెయ్యాలమ్మా, కొత్త ముక్కలు ఎందుకూ పనికిరావు అని కూడా చెప్పిపోయాడు. మంచం మీది కుప్ప మంచం మీదే ఉండిపోయింది. నడుం వాల్చడానికి చోటు లేక, తల పెట్టుకోవడానికి దిండు లేక గుమాస్తా ఆ మధ్యాహ్నమంతా నేల మీద చేతులు కట్టుకుని పడుకున్నాడు. పక్క గదిలో భార్య ఎంతో హుషారుగా మిషను తొక్కుతోంది. ఆ చప్పుడు వింటూ, గండం గడిచింది కదా, పోనీలే అనుకున్నాడు.

సోమవారం పొద్దున్న ఆఫీసుకు వెళ్దామని బీరువా తెరిస్తే, తొడుక్కోవడానికి అతని పెళ్ళినాటి కోటు ఒక్కటే మిగిలి ఉంది.